కుండలోనే సగం పాకం

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో చలికాలం ముగుస్తున్న రోజుల్లో రైతులు మేపుల్ చెట్లకు చిన్న బెజ్జం వేసి గొట్టం బిగిస్తారు. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటే చెట్టులోంచి రసం కారుతుంది. నోట్లో వేసుకుంటే మంచినీళ్లకూ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. నూటికి రెండు పాళ్లే చక్కెర. అంత పలుచని రసాన్ని మరిగించి, 43 లీటర్లకు ఒక్క లీటరు చొప్పున పాకం తీస్తారు. ఆ పాకాన్ని ప్రపంచమంతా డబ్బు పెట్టి కొంటోంది.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలోని జగర్గుండా వైపు చూడండి. ఊళ్లో, చుట్టుపక్కల గూడేల్లో జీలుగు చెట్లున్నాయి. బస్తర్‌లో దీన్ని సల్ఫీ అంటారు, గోండిలో గోర్గా అంటారు. తాటి, ఈత సరేసరి. తెల్లవారుజామున దించిన జీలుగు రసంలో నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్ల దాకా తీపి ఉంటుంది. వెర్మాంట్ రైతు 43 లీటర్లు కాచే చోట మీరు ఏడు లీటర్లు కాస్తే చాలు. అయినా ఆ తీపిలో చాలా భాగం పొద్దెక్కేసరికి పులిసిపోతోంది. పులిసిన కల్లు మీద నాకు చిన్నచూపు లేదు. పెళ్లికీ చావుకీ పండగకీ అది ఉండాల్సిందే. చాలా ఇళ్లలో సల్ఫీ చెట్టునే ఆస్తిగా లెక్కపెడతారు. దేవుడికీ పెద్దలకూ ఇవ్వాల్సింది ఇచ్చాక, ఇంట్లో తాగాల్సింది తాగాక, మిగిలిన రసంతో నాలుగు డబ్బులు చూడాలనుకునే వాళ్ల కోసం ఈ అధ్యాయం.

జీలుగు రసం పాకం కడుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. శ్రీలంకలో ఇదే చెట్టును కితుల్ అంటారు. దాని రసం కాచి తీసే కితుల్ పానీని అక్కడ పెరుగులో పోసుకుని తింటారు, సీసాల్లో నింపి విదేశాలకు పంపుతారు. చెట్టు అదే, గెల కోసే పద్ధతీ దాదాపు అదే. మనకు చెట్టెక్కే ధైర్యం ఉంది, గెలను ఎప్పుడు కోయాలో తెలిసిన చెయ్యి ఉంది. ఆ చేతికి ఇంకా అలవాటు కానిది కొలత. మేపుల్ వాళ్ల దగ్గర నేర్చుకోవలసిన విద్య కూడా అదొక్కటే.

ముందు కుండ సంగతి తేల్చుకుందాం. పాకం పొయ్యి మీద మొదలవుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి చెట్టు మీద కుండ కట్టిన రాత్రే సగం పాకం తేలిపోతుంది. గెల కోసిన చోటి నుంచి జారే రసంలో చక్కెర ఉంది, నీరుంది, వెచ్చదనం ఉంది. గాలిలోనూ కుండ గోడల మీదా ఉండే ఈస్టుకూ పులుపు పుట్టించే బాక్టీరియాకూ అంతకంటే ఏం కావాలి? చుక్క పడ్డ క్షణం నుంచే అవి తినడం మొదలుపెడతాయి. ముందు చక్కెరను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విరుస్తాయి. తర్వాత ఆల్కహాలుగా, ఆమ్లంగా మారుస్తాయి. చక్కెర విరిగిన రసాన్ని ఎంత కాచినా అచ్చు కట్టదు, జిగురుగా సాగుతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి మంట సరిగ్గా లేదనో, ఈ రోజు చెట్టు బాగా ఇవ్వలేదనో అనుకుంటాడు. తప్పు రాత్రే కుండలో జరిగిపోయింది.

కల్లు కోసమైతే నిన్నటి మడ్డి కుండలో కాస్త మిగిలి ఉండటమే మేలు, అది తోడులా పనిచేస్తుంది. తీపి కోసం కుండ కట్టేటప్పుడు ఆ అలవాటును తిరగేయాలి. అందుకే మొదటి నియమంగా చెబుతున్నాను: కల్లు కుండలు వేరు, పాకం కుండలు వేరు. రెండు జతలు పెట్టుకోండి. పాకం కుండల మెడకు రంగు పూయండి, ఎవరూ పొరబాటున మార్చకుండా. దించిన వెంటనే వేడినీళ్లతో కడిగి, లోపలికి పొగ పట్టించి, బోర్లించి ఎండలో ఆరబెట్టాలి. సాయంత్రం కట్టబోయే ముందు లోపల పలుచగా సున్నం పూయాలి. సున్నం రసంలోని పులుపును విరిచి, సూక్ష్మజీవుల పనిని మందగింపజేస్తుంది. మందంగా పూస్తే మాత్రం బెల్లం నల్లబడి చేదెక్కుతుంది. శ్రీలంక పల్లెల్లో సున్నం బదులు హల్ అనే చెట్టు బెరడు ముక్క కుండలో వేస్తారు, దాని వగరు పులియడాన్ని కాసేపు ఆపుతుంది.

మేపుల్ పరిశోధకులు ఇదే పాఠాన్ని తమ దారిలో నేర్చుకున్నారు. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి 1946 నుంచి ప్రాక్టర్ మేపుల్ పరిశోధన కేంద్రం ఉంది. సీజన్ సగంలోనే కొన్ని బెజ్జాలు ఎందుకు ఎండిపోతున్నాయని అక్కడ వెతికారు. పాత గొట్టం మూతుల్లో పేరుకున్న బాక్టీరియా, చెట్టు రసాన్ని వెనక్కి పీల్చుకునే వేళ బెజ్జంలోకి పోతోందనీ, దాంతో చెట్టు ఆ గాయాన్ని త్వరగా మూసేసుకుంటోందనీ తేలింది. ఏటా కొత్త మూతి బిగించినవాళ్లకు, రసం వెనక్కి పోకుండా ఆపే చిన్న కవాటం ఉన్న మూతులు వాడినవాళ్లకు రాబడి పెరిగింది. కొత్త చెట్టు నాటలేదు, ఎరువు వెయ్యలేదు. మూతి శుభ్రంగా పెట్టారు, అంతే. మన గెలకూ ఈ తర్కం వర్తిస్తుంది. గీత కత్తిని రోజూ మరిగిన నీళ్లలో ముంచి తుడవండి. కోత పలుచగా, ఒకే ఊపులో పడేలా పదును పెట్టండి. మొద్దు కత్తి గెలను నలిపేస్తుంది, నలిగిన చోట కుళ్లు చేరుతుంది.

కుండ మూతి మీద సన్నని వలగానీ వెదురు తడికగానీ తప్పకుండా కట్టండి. చీమలు, తేనెటీగల గురించి మీకు తెలుసు. నేను చెప్పేది గబ్బిలాల గురించి. బంగ్లాదేశ్‌లో ఈత రసం పచ్చిగా తాగిన వాళ్లకు నిపా వైరస్ సోకి మరణాలు సంభవించాయి. రాత్రిపూట గబ్బిలాలు కోత దగ్గర నాకడం వల్ల, కుండలో విసర్జించడం వల్ల ఆ వైరస్ రసంలోకి చేరిందని పరిశోధకులు తేల్చారు. కోత చుట్టూ వెదురు తడిక కడితే గబ్బిలాలు రసాన్ని చేరలేకపోతున్నాయని అక్కడి గ్రామాల్లో పరీక్షించి చూశారు. కాచిన రసంతో ఆ భయం లేదు. పచ్చి రసం పిల్లలకు పోసే ఇంట్లో మాత్రం తడిక లేకుండా కుండ కట్టకూడదు.

దించడం తెల్లవారకముందే. ఎండ తగిలిన ప్రతి పావుగంటా మీ పాకంలోంచి తీసేసినట్టే లెక్క. దించిన రసాన్ని శుభ్రమైన పాత నూలు బట్టలో రెండు మడతలు వేసి వడకట్టండి. రెండు గంటల్లోపు పెనం మీదికి ఎక్కించండి. పొయ్యి ఇంటి దగ్గర ఉంటే, చెట్లు దూరంగా ఉంటే, పొయ్యినే చెట్ల దగ్గరికి మార్చండి. కేరళలోని కాసర్‌గోడ్ కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెలకు మంచు నింపిన చిన్న పెట్టె తగిలించి, రాత్రంతా రసం చల్లగా ఉండే ఏర్పాటు చేసింది. జగర్గుండాలో మంచుగడ్డ ఎక్కడ దొరుకుతుంది అంటారా? చలికాలం రాత్రులు దొరుకుతాయి. డిసెంబరు, జనవరి చల్లదనంలో రసం ఎక్కువసేపు తీపిగా నిలుస్తుంది. పాకం పని నేర్చుకోవడానికి ఆ రెండు నెలలు పెట్టుకోండి. మే నెల ఎండల్లో మొదలుపెట్టి, రెండుసార్లు పులిసిపోగానే ఇది మన వల్ల కాదని వదిలేసిన వాళ్లు చాలామంది. వాళ్లకు చేతకాక కాదు, కాలం తప్పు ఎంచుకున్నారు.

ఇక కొలత. చేతిలో పట్టే బ్రిక్స్ మీటరు అనే చిన్న పరికరం పట్నంలో దొరుకుతుంది. గాజు మీద ఒక చుక్క రసం వేసి వెలుతురుకు ఎత్తి చూస్తే నూటికి ఎన్ని పాళ్ల తీపో కనిపిస్తుంది. ఒక్కొక్కరు కొనక్కర్లేదు, మహిళా సంఘానికి ఒకటి చాలు. దాంతో పాటు 86 అనే అంకె గుర్తుపెట్టుకోండి. 1946లో వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన సి.హెచ్. జోన్స్ ఇచ్చిన సూత్రం ఇది. 86ను రసంలోని తీపి పాళ్లతో భాగిస్తే, ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావాలో వస్తుంది. తీపి రెండైతే 43 లీటర్లు. పన్నెండైతే ఏడు లీటర్ల పైచిలుకు. పులియడం మొదలై ఎనిమిదికి పడిపోతే దాదాపు పదకొండు. ఆ నాలుగు లీటర్ల తేడాకు ఎంత కట్టె కావాలో, ఆ కట్టెకు ఎవరు అడవికి వెళ్లాలో మీ ఇంటి ఆడవాళ్లను అడగండి. పొయ్యి వెలిగించే ముందే ఈ లెక్క వేసుకుంటే, ఈ రోజు కాయడమా కల్లుకు వదిలేయడమా అన్నది నిమిషంలో తేలుతుంది. తీపి తగ్గిన రసాన్ని మొండిగా కాయడం కంటే ఆ పూట కల్లుగా అమ్ముకోవడమే నయం.

పెనం వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. మేపుల్ దేశాల్లో ఒకప్పుడు లోతైన ఇనుప బానల్లో కాచేవారు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి పరచిన పెనాలకు మారారు. నీరు పైతలం నుంచే ఆవిరవుతుంది కాబట్టి, తలం పెరిగితే కట్టె తగ్గుతుంది. పాకం తొందరగా దిగితే రంగూ లేతగా ఉంటుంది. అనకాపల్లి వైపు చెరకు బెల్లం కాచే పెనాలు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. పైకి తేలే తెట్టును ఎప్పటికప్పుడు తీసేయాలి. పొంగు వస్తే రెండు చుక్కల వంటనూనె వేస్తే అణిగిపోతుంది.

ఎప్పుడు దించాలి? ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. ఒక థర్మామీటరు కొనండి. ఆ రోజు పొద్దున మామూలు నీళ్లు మరిగించి ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతున్నాయో చూసి రాసుకోండి. ఊరి ఎత్తును బట్టి, వాతావరణాన్ని బట్టి అది కాస్త అటూ ఇటూ ఉంటుంది, అందుకే మేపుల్ రైతులు రోజూ చూస్తారు. ఆ అంకెకు నాలుగు డిగ్రీలు కలపండి. రసం అక్కడికి చేరిందంటే సీసాలో పోసే పాకం సిద్ధం. బ్రిక్స్ మీటరులో అది 66, 67 దగ్గర ఉంటుంది, అయితే చిన్న మీటర్లు కొన్ని 32 దాకానే చూపిస్తాయి, కొనేటప్పుడు అడగండి. 66 కంటే తక్కువైతే సీసాలో బూజు పడుతుంది, పులుస్తుంది. బాగా ఎక్కువైతే అడుగున పలుకు కడుతుంది. వేడి వేడిగా, 85 డిగ్రీలకు తగ్గకుండా, మరిగించి ఆరబెట్టిన గాజు సీసాల్లో పోసి వెంటనే మూత బిగించండి.

బెల్లం కావాలంటే ఇంకా కాచి 118 నుంచి 120 డిగ్రీలకు తేవాలి. ఇక్కడ మన అమ్మమ్మల పరీక్షను పక్కన పెట్టకండి. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే చేతికి ఉండ కట్టాలి. ఉండపాకం చూసి దించిన వాళ్ల చేతికీ థర్మామీటరుకూ తేడా పెద్దగా ఉండదు. రెండూ చూసుకోవడం అలవాటు చేసుకుంటే, కొత్తగా నేర్చుకునే పిల్లకు మీ చేతి నైపుణ్యం నేర్పడం సులువవుతుంది. చెయ్యి చెప్పే మాటను అంకె మోసుకెళ్లగలదు.

అందుకే ఒక నోటు పుస్తకం పెట్టండి. చెట్టుకు నంబరు వేయండి. తేదీ, ఏ చెట్టు, ఎన్ని లీటర్లు, ఎన్ని పాళ్ల తీపి, ఎంత పాకం, ఎంత కట్టె. ఇంత రాత ఎవరు రాస్తారు అని విసుక్కోకండి. ఇంట్లో బడికెళ్లే పిల్ల ఉంటే ఆ పని ఆమెకు అప్పజెప్పండి. ఒక సీజన్ రాశాక ఏ చెట్టు ఎక్కువ తీపి ఇస్తుందో, ఏ నెలలో నష్టపోతున్నారో మీ పుస్తకమే చూపిస్తుంది. విత్తనం ఏ చెట్టుది దాచాలో కూడా అందులోనే తేలుతుంది.

జగర్గుండాకు ఈ పని ఇంకో కారణంగా అవసరం. ఒకప్పుడు ఇది చింతపండు, అటవీ సరుకుల బేరాలకు పేరున్న ఊరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక కంచెల మధ్య శిబిరంగా మారింది. సంత పోయింది, దారి తెగింది. చుట్టుపక్కల గూడేల నుంచి ఎందరో సరిహద్దు దాటి తెలుగు నేల మీదికి వలస పోయారు. బడి 2019లో మళ్లీ తెరుచుకుంది. 2025 మే నెలలో ఊరికి బ్యాంకు శాఖ వచ్చింది. దోర్నపాల్ నుంచి యాభై కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ ఊళ్లో తాజా రసం అమ్మడం ఎప్పటికీ కష్టమే. రసం ఆయుష్షు గంటల్లో ఉంటుంది. సరిగ్గా కాచిన పాకం, గాలి తగలకుండా కట్టిన బెల్లం మాత్రం వాన వచ్చి దారి ఆగినా అటక మీద భద్రంగా ఉంటాయి. ప్రపంచ మేపుల్ పాకంలో దాదాపు 70 శాతం తీసే కెనడాలోని కెబెక్ రైతులు, బాగా పండిన ఏడు మిగులును పీపాల్లో దాచి, కరువు ఏడు బయటికి తీస్తారు. అందరూ కలిసి దాచారు కాబట్టే ధర వాళ్ల చేతిలో ఉంది. ఒక్కొక్క ఇల్లూ విడిగా అమ్మితే సంతలో మొదటి వ్యాపారి చెప్పిందే ధర.

కలిసి నడవడానికి దారులున్నాయి. గిరిజన సంఘాలు అటవీ సరుకును శుద్ధి చేసి అమ్ముకునే వన్‌ధన్ కేంద్రాల్లో మొదటిది 2018 ఏప్రిల్ 14న పక్కనే ఉన్న బీజాపూర్‌లోనే మొదలైంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద గ్రామసభకు యాజమాన్యం ఇచ్చిన పెసా చట్టం 1996 నుంచి ఉంది. ఛత్తీస్‌గఢ్ దానికి 2022లో నియమాలు రాసింది. చెట్లు ఎవరివి, ఎవరు గీయాలి, ఊరికి ఎంత, ఇంటికి ఎంత అన్నది గ్రామసభలో ముందే తేల్చి తీర్మానం రాసుకోండి. డబ్బు వచ్చాక మాట్లాడుకుందాం అనుకుంటే అన్నదమ్ముల మధ్య కూడా తగవు వస్తుంది. తాటి, ఈత ఎక్కువగా ఉన్న గూడేలవాళ్లు రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రానికి ఇద్దరు ముగ్గురిని పంపండి. తాటి నీరా, తాటి బెల్లం మీద అక్కడ పని జరుగుతోంది. భాష సమస్య ఉండదు, తెలుగులోనే చెబుతారు.

సీసా మీద ఏం రాస్తారన్నదీ ముఖ్యమే. జీలుగు పాకం అని రాయండి, ఊరి పేరు రాయండి, కాచిన తేదీ రాయండి. మధుమేహం ఉన్నవాళ్లు నిర్భయంగా తినొచ్చని మాత్రం రాయకండి, ఎవరు ఎంత బతిమాలినా. తాటి బెల్లం పేరుతో పట్నాల్లో ఆ మాట విచ్చలవిడిగా నడుస్తోంది. ఈ తీపిలో సింహభాగం చక్కెరే, అది రక్తంలో చక్కెరను పెంచుతుంది. మీ మాట నమ్మి తిన్న మనిషి ఆసుపత్రి పాలైతే ఆ పాపం ఊరి పేరు మీద ఉంటుంది.

ఇక చెట్టెక్కే మనిషి ప్రాణం గురించి. బస్తర్‌లో సల్ఫీకి కణుపుల వెదురు కట్టి ఎక్కుతారు. ఏటా వానాకాలం వెళ్లగానే ఆ వెదురునూ కట్టునూ మార్చండి, గట్టిగానే ఉందిలే అనుకోవద్దు. తెలంగాణలో మోకు, ముస్తాదు మీద తరతరాలుగా ఎక్కిన గీత కార్మికులకు 2024 జులైలో కాటమయ్య రక్షణ కిట్లు ఇవ్వడం మొదలైంది. నడుముకు పట్టీ, చెట్టుకు తాడు, జారితే పట్టి ఆపే ఏర్పాటు. అవి మీ దాకా వచ్చే లోపు నడుము తాడు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి. కల్లు తాగిన మనిషిని అసలే ఎక్కనివ్వకండి. పొద్దున ఒంటరిగా వెళ్లే అలవాటు మానండి, కింద ఒకరు ఉండాలి.

చివరిది చెట్టు. జీలుగు మొక్క పెరిగి గెల వేయడానికి పదేళ్లు, పదిహేనేళ్లు పడుతుంది. మొదటి గెల తల దగ్గర వస్తుంది, తర్వాతవి ఒక్కొక్కటిగా కిందికి దిగుతాయి. అట్టడుగు గెల అయిపోతే చెట్టు చచ్చిపోతుంది. దానికి రెండో జన్మ లేదు. తాటిచెట్టులా తాతలనాటి నుంచి ఉంటుందిలే అనుకుంటే మోసపోతారు. దానికి తోడు కొన్నేళ్లుగా బస్తర్‌లో సల్ఫీ చెట్లు వాడిపోయి నిలువునా చస్తున్నాయి. ఫ్యుజేరియం అనే నేల బూజు దానికి కారణమని పరిశోధకులు చెప్పారు. ఆ బూజు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. వాడిపోయిన చెట్టును కోసిన కత్తిని మంటలో కాల్చకుండా ఇంకో చెట్టుకు వాడకండి. చచ్చిన చెట్టు మొదట్లో మొలిచిన మొక్కను తెచ్చి పెరట్లో నాటకండి, అక్కడి మట్టిని కాళ్లకూ పారకూ అంటించుకుని మంచి చెట్ల దగ్గరికి పోకండి. నీళ్లు నిలిచే చోటు కాకుండా వాలు నేల చూసుకోండి. ఆకులు పసుపెక్కడం కనిపించగానే జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాల వాళ్లకు కబురు పంపండి.

ఒక చెట్టు గీయడం మొదలుపెట్టిన ఏడే రెండు మొక్కలు పెట్టాలని గ్రామసభలో రాసుకోండి. పుస్తకంలో తీపి ఎక్కువ ఇచ్చినట్టు తేలిన ఆరోగ్యమైన చెట్టు మీద ఒక గెలను గీయకుండా కాయలకు వదలండి. పండిన కాయ గుజ్జు చేతికి తగిలితే మంటా దురదా పుడతాయి. గుడ్డ చుట్టుకుని, నీళ్లలో నానబెట్టి, కర్రతో తోమి గింజ తీయండి, పిల్లల చేత చేయించకండి. గింజ మొలవడానికి నెలలు పడుతుంది, తడి ఆరనీయకండి. మొలిచిన మొక్కను సంచిలో ఏడాది పెంచి, తొలకరి వానలకు నాటి, మూడేళ్లు పశువులు తొక్కకుండా ముళ్లకంప కట్టాలి.